మెంటార్లకు శిక్షణా? ఎంత అపచారం!

పాలమూరులో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కాలేజీ అన్నాక మెంటార్లు, అంటే విద్యార్థుల మంచిచెడ్డలు కనుక్కునే ప్రొఫెసర్లు, ఉండాలి. నోటీసు బోర్డు మీద ప్రొఫెసర్ పేరు, కింద రోల్ నంబర్లు ఉంటే చాలదా? చాలదట, వీళ్లకు శిక్షణ ఇవ్వాలట!

ఏం తక్కువైందని? దేశమంతటా వర్ధిల్లుతున్న మెంటార్ రిజిస్టరు తెరిచి చూడండి. ‘సమస్యలు’ గడిలో ‘లేవు’. ‘సలహా’ గడిలో ‘బాగా చదవాలి’. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు సంతకాలు, ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకటే మధ్యాహ్నం. తెల్లారితే తనిఖీ మరి.

సంస్కర్తల గోల వినండి. మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలట: ఎన్నాళ్లకోసారి కలవాలి, థీసిస్ డ్రాఫ్ట్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, పేపర్ మీద ఎవరి పేరు ముందుండాలి. ఈ మూడోది రాసుకుంటే ఇక గురుభక్తి ఎక్కడ మిగులుతుంది?

‘బాగా చదువుతున్నావా?’ అని అడగకూడదట, జవాబు అందులోనే ఉందట. ‘ఈ నెల వార్డులో నీకు ఎక్కడ చేతులాడలేదు?’ అనాలట. అడిగితే చెప్తారు కదా, అదే ప్రమాదం.

ఫ్లోరోసిస్ థీసిస్ మొదటి పేజీ మీద ‘రీరైట్’ అని ఒక్క మాట రాసి, మిగతా పేజీలు మల్లెపూవులా తిరిగివ్వడం మన సంప్రదాయం. దాని బదులు ‘నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఇళ్లనూ దాటని ఇళ్లనూ ఒకే టేబుల్‌లో కలిపేశావు, విడదీయి. శాంపిల్ సైజుకు ప్రివలెన్స్ (జబ్బు నూటికి ఎందరికుందన్న లెక్క) ఏ స్టడీ నుంచి తీసుకున్నావో రాయి’ అనాలట. అలా రాయాలంటే ముందు థీసిస్ చదవాలి. ఎల్‌బీనగర్ బస్సు అందాలా వద్దా? పైగా ప్రమోషన్‌కు పేపర్లు లెక్కకొస్తాయి, ఈ గంటలు రావు. (ఈ ఒక్క మాట వెటకారం కాదు.)

థీసిస్ రాయించే గైడు వేరు, మెంటారు వేరు ఉండాలన్నది ఇంకో పట్టుదల. ఇద్దరూ ఒకరే అయితే గైడు మీద ఫిర్యాదు గైడుకే చెప్పుకోవచ్చు, వరండా దాటే పని కూడా ఉండదు.

అన్నిటికన్నా ఘోరం రోల్‌ప్లే. హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారు ఫస్టియర్ పిలగాని వేషం కట్టి, సాటి ప్రొఫెసర్ ముందు తల వంచుకుని ‘సార్, హాస్టల్ల సీనియర్లు నిద్రపోనిస్తలేరు’ అనాలి. మూలన కూర్చున్నాయన ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో వాచీ చూసి రాసుకుంటాడు. సంగతి యాంటీ ర్యాగింగ్ కమిటీకి పంపాలన్నది సరైన జవాబు. సాటి ప్రొఫెసర్ అలవాటు ఊరుకుంటుందా? ‘అవన్నీ మామూలేలే, బాగా చదువు’ అని వచ్చేస్తుంది. అప్పుడు హెచ్‌ఓడీ గారు వేషం మరిచిపోయి గయ్యిమంటారు: ‘నేను చెప్పేది పూర్తిగా వినవేమయ్యా!’