సవరణ: ఆ బొమ్మల్లోని అందరూ తూటాలకు చనిపోలేదు

అమెరికా యూదు గ్యాంగ్‌స్టర్ల చిత్రపటాల ప్రదర్శన మొదలైందని చెబుతూ, ఆ బొమ్మల్లో ఉన్నవాళ్లంతా పేదింటి పిల్లలేననీ, పేదరికమే వాళ్లను నేరాల వైపు నెట్టిందనీ, చివరికి ప్రత్యర్థుల తూటాలకే పోయారనీ రాశాను. అది తప్పు, క్షమించండి.

బగ్సీ సీగెల్ 1947లో బెవర్లీ హిల్స్‌లో కాల్పుల్లోనే చనిపోయాడు. కానీ లెప్కే బుకాల్టర్‌కు 1944లో సింగ్ సింగ్ జైలులో ఎలక్ట్రిక్ చైర్ మీద మరణశిక్ష అమలు చేశారు. మేయర్ లాన్‌స్కీ 80 ఏళ్లు బతికి, 1983లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. అంతకుముందు ఇజ్రాయెల్‌లో స్థిరపడాలని చూస్తే, ఆ దేశం పౌరసత్వం ఇవ్వలేదు.

1928లో హత్యకు గురైన ఆర్నాల్డ్ రోత్‌స్టీన్‌ది అసలు పేద కుటుంబమే కాదు. తండ్రి న్యూయార్క్‌లో బాగా డబ్బున్న, అందరూ గౌరవించే వ్యాపారి. పేదరికమే వీళ్లందరినీ ఇటు నెట్టిందన్న నా మాట అతని విషయంలో నిలబడదు. ఆ వాక్యం తీసేశాను.