గుమ్మంలో ఎర్ర గౌను, మన నైట్ షిఫ్ట్ పిల్లలు

మొన్న అక్టోబర్ 4 శనివారం మన బతుకమ్మ-దసరా ప్రోగ్రాంకి ముందుగా వచ్చినవాళ్ళు చూసే ఉంటారు, హాల్ గుమ్మం దగ్గర ఓ ఎర్ర గౌను హ్యాంగర్‌కి వేలాడుతూ ఉంది. యూత్ కమిటీ పిల్లలు పెట్టారు. కనబడకుండా పోయిన, హత్యకి గురైన ఇండిజినస్ (ఇక్కడి ఆదివాసీ) ఆడపిల్లల్ని కెనడా దేశమంతా తలుచుకునే రోజు అదే కదా, ఆ ఎర్ర గౌను వాళ్ళ గుర్తుగానే. పులిహోర లైన్ కదిలేలోపే గౌను మాయం. "అమ్మవారి పండగపూట ఈ చావు బట్టలేంటి, పైగా ఫోటో బూత్‌కి అడ్డం" అన్నారట, ఎవరన్నారో మీకూ తెలుసు.

సరే, పండగ పండగే, పిల్లలు కూడా కమిటీకి ఓ మాట చెప్పి పెట్టాల్సింది, ఒప్పుకుంటా. నాకు గుచ్చుకున్నది ఆ ఇండిజినస్ ఆడవాళ్ళ గురించి లైన్‌లో నా వెనకాల వినబడిన మాట: "వాళ్ళంతేనండీ, తాగి ఎటో పోతారు, మళ్ళీ మన ట్యాక్స్ డబ్బుల్తో వెతకాలి."

2019 నవంబర్‌లో శంషాబాద్ ఘోరం జరిగినప్పుడు మనమే కదండీ మైనస్ చలిలో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడింది. కంప్లైంట్ ఇవ్వడానికెళ్ళిన ఇంట్లోవాళ్ళని మా లిమిట్స్ కాదని తిప్పారని, ఎవరితోనో పోయుంటుందన్నారని మనకి ఒళ్ళు మండింది, ముగ్గురు పోలీసులు సస్పెండ్ కూడా అయ్యారు. ఇక్కడి ఇండిజినస్ తల్లులు ఏళ్ళ తరబడి పోలీసుల దగ్గర వింటున్నదీ అదే, "పార్టీకి పోయుంటుంది, వస్తుందిలే" అని. ఇక్కడి జాతీయ పోలీసులు ఆర్‌సీఎంపీ వాళ్ళే 2014లో చెప్పిన లెక్క, మొత్తం 1,181 మంది ఇండిజినస్ ఆడవాళ్ళు, అందులో 1980 నుంచి 2012 దాకా జరిగిన హత్యలు 1,017, మిగతా 164 మంది ఏమయ్యారో తెలీదు.

ఎక్కడిదాకానో ఎందుకు, మన విన్నిపెగ్ సంగతే చూడండి. ఇద్దరు ఇండిజినస్ ఆడవాళ్ళ శవాలు ప్రెయిరీ గ్రీన్ చెత్తదిబ్బలో ఉన్నాయని తెలిసి కూడా 2022 డిసెంబర్‌లో పోలీసులు వెతకడం కుదరదన్నారు, 2023 మానిటోబా రాష్ట్ర ఎలక్షన్లో అప్పటి గవర్నమెంట్ పార్టీ 'వెతకం' అని యాడ్‌లేసి మరీ ఓట్లడిగింది. వాబ్ కినూ గెలిచి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాగా) అయ్యాక వెతికారు, దొరికిన అవశేషాలు ఆ ఇద్దరివేనని 2025 మార్చికల్లా తేలింది. మరి కుదరనిదేంటి?

ఇప్పుడు మా పిన్ని మనవడి సంగతి చెప్తా. కాలేజీలో చదువుతూ ఊరి బయట ఓ మోటెల్లో నైట్ రిసెప్షన్ చేస్తాడు. ఓ రాత్రి రెండింటప్పుడు నలభై ఏళ్ళాయన ఒకడు రూమ్ కావాలని వచ్చాడంట, వెనకాల ఓ పిల్ల, పద్నాలుగో పదిహేనో ఉంటాయి, అంత చలిలో కోటు కూడా లేదు, తలెత్తి చూడట్లేదు. వీడికి ఏదో తేడా కొట్టింది. కానీ మేనేజర్‌కి ఫోన్ చేస్తే నిద్ర చెడగొట్టావని తిడతాడు, పోలీసులకి చేస్తే తన వీసా ఏమవుతుందోనని భయం, దానికితోడు ఇంటి దగ్గర్నుంచి నేర్పి పంపించిన 'పరాయి దేశం నాయనా, నీ పని నువ్వు చూసుకో' ఉండనే ఉంది కదా. తాళం ఇచ్చేశాడు. ఆరు నెల్లయ్యాక మా ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు, తినకుండా లేచిపోయాడు. వాణ్ణి ఏమనను? ఏం చెయ్యాలో వాడికి ఎవరు చెప్పారు గనక?

2014 ఆగస్టులో ఇక్కడి రెడ్ రివర్‌లో శవమై దొరికిన పదిహేనేళ్ళ ఇండిజినస్ పిల్లని చైల్డ్ వెల్ఫేర్ వాళ్ళు ఉంచింది కూడా హోటల్లోనే, మిస్సింగ్ అని రిపోర్ట్ ఉండగానే పోలీసులకి ఎదురుపడినా వదిలేశారు. ఎంతమంది చూశారో ఆ పిల్లని! ఈ ఆడవాళ్ళ గురించి దేశం వేసిన నేషనల్ ఎంక్వైరీ 2019 రిపోర్ట్‌లో 231 డిమాండ్లున్నాయి, వాటిలో ఎనిమిదో భాగం ట్యాక్సీలు, బస్సులు, హోటళ్ళ వాళ్ళకే. ఇలాంటివి గుర్తుపట్టడం, ఎవరికి చెప్పాలో తెలియడం స్టాఫ్‌కి నేర్పమని. ఈ ఊళ్ళో అర్ధరాత్రి ఆ కౌంటర్ల వెనకాల ఉన్నది ఎవరండీ? మన పిల్లలే, ఊబర్ నడిపేదీ వాళ్ళే, గ్యాస్ స్టేషన్లో ఉండేదీ వాళ్ళే.

అందుకే కమిటీవారికి చేతులెత్తి అడుగుతున్నా. జనవరిలో కొత్త స్టూడెంట్స్‌కి పెట్టే ఓరియెంటేషన్‌లో బ్యాంక్ అకౌంట్, వింటర్ జాకెట్ల తర్వాత ఓ అరగంట దీనికివ్వండి, ఇక్కడి ఇండిజినస్ ఆడవాళ్ళనే పిలిచి చెప్పించండి, వాళ్ళకి పారితోషికం కూడా ఇద్దాం, శాలువాతో సరిపెట్టకండి. వచ్చే జనరల్ బాడీలో మోషన్ నేనే పెడతా, సెకండ్ చేసేవాళ్ళు ముందే ఓ ఫోన్ కొట్టండి.