చేతులెత్తే ముందు ఒక్క రాత్రి ఆగుదాం

మొన్న ఉగాది వేడుకల తర్వాత ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం కార్యవర్గ, బోర్డు ఉమ్మడి సమావేశంలో జరిగిన సంగతి ఈపాటికి అందరికీ తెలిసే ఉంటుంది. వచ్చే సంక్రాంతిని ఒకే పెద్ద బాంక్వెట్ హాల్లో చేయాలా, మూడు ప్రాంతాల్లో స్కూల్ ఆడిటోరియాలు తీసుకుని విడివిడిగా చేయాలా అన్న ప్రశ్న రాత్రి పదిన్నర దాటాక తెరమీదికొచ్చింది. ఒకపక్క కేటరర్ ట్రేలు సర్దుతున్నాడు. పిల్లలు కోట్లు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డారు. పావుగంటలో చేతులెత్తించి ఓటు కానిచ్చేశారు, తెల్లారేసరికి వాట్సాప్‌లో రాజీనామాలు. ఏ పక్షం నెగ్గిందన్నదాంతో నాకు పేచీ లేదు. అంత చిక్కు ప్రశ్నకి అక్కడికక్కడే జవాబు రాబట్టాలనుకోవడమే తప్పు.

ఆ మధ్యాహ్నమే అదే వేదిక మీద అష్టావధానం చూసి చప్పట్లు కొట్టినవాళ్ళమే మనం. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి, అంటే ప్రశ్న అడిగేవాడికి, అవధాని పద్యమంతా ఒక్క ఊపున అప్పజెప్పడు. ఒక పాదం చెప్పి, ఇచ్చిన పదాలతో పద్యం కట్టే దత్తపదికో వర్ణనకో వెళ్ళిపోతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని ప్రశ్నలతో గిల్లుతుంటాడు, మోగించే గంటల్నీ లెక్కపెట్టుకోవాలి. ఆవృత్తి (వరస) తిరిగి వచ్చేసరికి తర్వాతి పాదం సిద్ధంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి చేసిన ఛందస్సాధన దాని వెనక ఉంటుందనుకోండి. కానీ ప్రశ్నని కాసేపు దించిపెట్టి మళ్ళీ ఎత్తుకోవడమన్నది ఆ ప్రక్రియలోనే ఉంది.

దించిపెట్టిన ప్రశ్న మీద అచేతన మనసు పని చేస్తూనే ఉంటుందన్న మాట కొత్తది కాదు. 1926లోనే సామాజిక మనస్తత్వవేత్త గ్రాహం వాలస్ దీన్ని నాలుగు దశలుగా చెప్పాడు: సన్నాహం, విరామం, స్ఫురణ, సరిచూసుకోవడం. గణితవేత్త పోంకరే నానా తంటాలు పడ్డ లెక్క తాలూకు కిటుకు గుర్రాల బస్సు మెట్టు మీద కాలు పెడుతుండగా తట్టింది. తట్టిందే నిజమని ఊరుకోలేదాయన, ఊరికి తిరిగొచ్చి తీరిగ్గా సరిచూసుకున్నాడు. 2004లో జర్మనీలో చేసిన ప్రయోగం ఇంకా స్పష్టం. అంకెల పనిలో దాగి ఉన్న అడ్డదారిని, సాధన చేసి ఎనిమిది గంటలు నిద్రపోయినవాళ్ళలో 59 శాతం కనిపెట్టారు. మేలుకుని ఉన్నవాళ్ళలో సుమారు 23 శాతమే. ముందు సాధన చేయనివాళ్ళకి మాత్రం నిద్రవల్ల ఒరిగిందేమీ లేదు. మన సమావేశాల్లో దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. వివరాల కాగితం ముందే చూడకుండా వచ్చినవాడికి రాత్రంతా పడుకున్నా ఏమీ తట్టదు.

దీన్ని మహిమగా చెప్పేవాళ్ళని నమ్మకండి. చిక్కు ఎంపికల్లో ఆలోచించకపోవడమే మేలని 2006లో ఒక పరిశోధన పేరు తెచ్చుకుంది. 2015లో పెద్ద ఎత్తున మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. పైగా అచేతన మనసు కూడికలు చేయదు. పిల్లల ఐటమ్స్ 45, ఒక్కోటి 5 నిమిషాలు అంటే 3 గంటల 45 నిమిషాలు. దీనికి కాలిక్యులేటర్ చాలు, కల అక్కర్లేదు. "నాకు తెలుసండీ, గుంటూరులో ఎన్ని సభలు చేయలేదు" అనే పెద్దల అంతర్దృష్టి సంగతీ అంతే. 2009లో మనస్తత్వవేత్తలు కానెమన్, క్లైన్ ఇద్దరూ కలిసి తేల్చింది ఏమిటంటే, పరిస్థితుల్లో ఒక క్రమం ఉండి, మన నిర్ణయం తాలూకు తప్పొప్పులు వెంటనే తెలిసే చోటే అనుభవం మీద పుట్టిన స్ఫురణని నమ్మొచ్చు. ఏడాదికొక్కసారి చేసే సంక్రాంతిలో, అదీ కమిటీ మారిపోతూ ఉంటే, ఆ పాఠం ఎవరికి అందుతుంది?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. సమావేశానికి మూడు రోజుల ముందే ఒక్క పేజీ అందరికీ అందాలి. పైన ప్రశ్న ఒకే వాక్యంలో ఉండాలి. కింద హాలు అద్దె, డిపాజిట్, ఫైర్ కోడ్ ప్రకారం ఎంతమంది పడతారు, బయటి భోజనం రానిస్తారా లేదా, ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి, ప్రాంతాలవారీగా వాలంటీర్లు ఎందరు. సమావేశంలో మాట మొదలుకాకముందే ఐదు నిమిషాలు ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసుకోవాలి. అధ్యక్షులవారు చివర మాట్లాడాలి, లేకపోతే మిగతా అందరూ ఆయన చెప్పినదానికే అటో ఇటో జరుగుతారు. నలభై నిమిషాల చర్చ, ఆపై ఓటు లేకుండా ఇంటికి.

ఆ రాత్రి ఆ విషయం మీద ఫోన్లు, గ్రూపులో మెసేజ్‌లు వద్దు. పదకొండింటికి మొదలయ్యే లాబీయింగే మొత్తం పాడుచేస్తుంది, ఎందుకంటే దించిపెట్టాల్సిన బరువుని మళ్ళీ నెత్తినెత్తుతుంది. గిన్నెలు కడగడం, నడక లాంటి తేలికపాటి పనులు మంచివి. మంచం పక్కన కాగితం, పెన్ను ఉంచుకోండి. శాస్త్రవేత్త ఒట్టో లోవీ ఒక రాత్రి కలలో తట్టిన ప్రయోగాన్ని గిలికి పడుకుంటే, పొద్దున ఆయన రాత ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి అది మళ్ళీ తట్టబట్టి సరిపోయింది, లేచి నేరుగా ల్యాబ్‌కి వెళ్ళాడు. మీరు లేవగానే, ఫోన్ ముట్టకముందు రెండు వాక్యాలు రాయండి, అర్థమయ్యేలా.

మర్నాడు జూమ్‌లో అరగంట. ఎవరికి ఏం తట్టిందో చదవాలి, పేజీలోని అంకెలతో సరిచూడాలి, అప్పుడు ఓటు. ఈమెయిల్‌లో కానిచ్చేద్దాం అనకండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సమావేశం పెట్టకుండా బోర్డు తీర్మానం చేయాలంటే సభ్యులందరి రాతపూర్వక అంగీకారం కావాలి.

వాయిదా మన పాత జబ్బేనని ఆక్షేపించేవాళ్ళున్నారు. నిజమే. పెళ్ళిచూపుల్లో "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అనడం ఎంత తెలివైన అలవాటో, ఆ కబురు ఎన్నటికీ చేయకపోవడం అంత పాడు అలవాటు. అందుకే రెండో సమావేశం తేదీ, గంట మొదటి నోటీసులోనే ఉండాలి. హాలుని మనకోసం ఆపి ఉంచిన గడువు ఆ రాత్రే ముగుస్తుంటే, కళాకారుడి వీసా కాగితం మీద ఆ పూటే సంతకం పడాలంటే, ఈ నియమం పక్కన పెట్టండి. మిగతావాటికి, ముఖ్యంగా సంక్రాంతి హాలు విషయానికి, దయచేసి మళ్ళీ కూర్చోండి. రాజీనామా ఇచ్చినవాళ్ళకీ ఆ ఒక్క పేజీ పంపండి.