పెట్రోలు ముల్లుకు నీలాపనిందలు

మోటారు సైకిలుకు అమర్చిన పెట్రోలు ముల్లు అబద్ధాలాడుతోందని విశాఖ నగరంలో నానాటికీ నిందలు పెరిగిపోతున్నాయి. మద్దిలపాలెం టీ దుకాణాల దగ్గర ఇదే మాట. జగదాంబ కూడలిలో ఎర్రదీపం పడితే పక్క బండివాడితో ఇదే మాట. నోరు లేని పరికరం మీద ఇంతమంది ఒక్కుమ్మడిగా విరుచుకుపడడం న్యాయం కాదు. దాని తరఫున వకాల్తా పుచ్చుకునేవారు ఎవరూ లేరు గనుక ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను. నా బండికీ అలాంటి ముల్లే ఉంది గనుక ఫీజు కూడా అడగను.

ముందుగా దాని ఉద్యోగ పరిస్థితులు చూడాలి. ట్యాంకు లోపల పెట్రోలు మీద ఫ్లోటు అనే చిన్న బెండు తేలుతూ ఉంటుంది. దానికి ఒక సన్నని తీగ చెయ్యి. బెండు లేచినా దిగినా ఆ చెయ్యి ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జరుగుతుంది. దాన్ని బట్టి కరెంటు మారుతుంది, కరెంటును బట్టి పైన ముల్లు కదులుతుంది. యంత్రాంగమంతా ఇంతే. కానీ బండి ట్యాంకు మేడ మీది నీళ్ల ట్యాంకులా నిటారుగా ఉండదు. ఫ్రేము గొట్టానికి అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంటుంది. పైన వెడల్పు, కింద రెండు పాయలు. బెండు మాత్రం ఒక్క పాయలోనే ఉంటుంది. రెండో పాయలో ఏముందో దానికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆరాటమూ లేదు. సగం జిల్లా తిరిగి మొత్తం జిల్లా మీద నివేదిక పంపే అధికారులకు మనం సన్మానాలు చేస్తున్నాం. అదే పని చేసిన బెండును మాత్రం తిడుతున్నాం.

పైభాగం వెడల్పు కావడం వల్ల మరో సుగుణం అబ్బింది. ట్యాంకు నింపించి కొమ్మాది నుంచి గాజువాక వెళ్లి వచ్చినా ముల్లు నిమ్మకు నీరెత్తినట్టు పైనే కూర్చుంటుంది. మైలేజీ అమాంతం పెరిగిందని యజమాని మురిసిపోయి ఇంట్లో చెబుతాడు, ఆఫీసులో చెబుతాడు. సగం దాటాక మొదలవుతుంది అసలు ప్రయాణం. అక్కడి నుంచి ముల్లు కిందికి దిగదు, దూకుతుంది. నెల మొదట్లో అంత ఉల్లాసం, నెలాఖరున అంత హడావుడి చూసి కూడా ఇది మధ్యతరగతి పరికరం కాదని ఎలా అంటారు?

ఇక ఈ ఊరి సంగతి. విశాఖలో చదునైన నేల కోసం వెతుక్కోవాలి. కైలాసగిరి ఎక్కుతుంటే పెట్రోలు వెనక్కి పోతుంది, సిరిపురం నుంచి బీచ్ రోడ్డుకు దిగుతుంటే ముందుకు వస్తుంది, సైడు స్టాండు వేస్తే మొత్తం ఎడమ పాయలోకి ఒరుగుతుంది. యారాడ కొండ ఎక్కేటప్పుడు హెచ్చరిక దీపం వెలిగించిన బండి, దిగేటప్పుడు రెండు గీతలు ఎక్కువ చూపిస్తుంది. బంకుకు వెళ్లకుండా, చేతిలోంచి రూపాయి జారకుండా, కొండ దిగినందుకే పెట్రోలు పుట్టించే వాహనం లోకంలో ఇంకెక్కడ ఉంది? ఇలాంటి దాన్ని పట్టుకుని లోపం అంటున్నాం.

ముల్లు పాతబడిందని కొందరు కొత్త బండ్లలో డిజిటల్ గీతలు చూసి సంబరపడ్డారు. 12 లీటర్ల ట్యాంకును 6 గీతలతో కొలిస్తే ఒక్కో గీతకు 2 లీటర్లు. చివరి గీత మిణుకుమిణుకుమంటుంటే లోపల రెండు లీటర్లు ఉండవచ్చు, ఒక గ్లాసెడు ఉండవచ్చు. ముల్లయితే కనీసం వణికేది. ఆ వణుకులో కొంత నిజాయితీ ఉండేది.

చట్టం కూడా ఈ పరికరాన్ని ఎంత గౌరవంగా చూస్తోందో గమనించండి. బంకులోని యంత్రం 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా చూపకూడదు. అనుమానం వస్తే ముద్ర వేసిన కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మనకు ఉంది. స్పీడోమీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపితే కొంతవరకు సరే, తక్కువ మాత్రం చూపకూడదు. పెట్రోలు ముల్లుకు కూడా అదే నీతి పెట్టి, తప్పితే లోటు వైపే తప్పు, ఖాళీ కాకముందే ఖాళీ అను అని శాసించవచ్చు. నా ముల్లు ఆ సంకెళ్లేవీ లేని స్వేచ్ఛాజీవి. ఉంటే లేదంటుంది, లేకపోతే ఉందంటుంది. ఏనాడు ఏమంటుందో చెప్పగలిగితే లెక్క సరిచేసుకోవచ్చు గదా!

సర్వీసు సెంటరులో విన్నవించుకున్నాను. అక్కడి యువకుడు తాళం తిప్పి, ముల్లు లేవడం చూసి, తాళం కట్టి, ముల్లు పడడం చూసి, “పనిచేస్తోంది కదా సార్” అన్నాడు. కదలడమే పనిచేయడం అన్న ఆ నిర్వచనం మన కార్యాలయాలన్నిటికీ వర్తిస్తుంది గనుక నేను వాదించలేదు. తర్వాత పెద్ద మెకానిక్ వచ్చి, “అన్ని బండ్లకీ ఇంతే సార్, మీరు కిలోమీటర్లు చూసుకుంటూ ఉండండి” అని ఉపదేశించాడు. పెట్రోలు ఎంత ఉందో తెలియాలంటే పెట్రోలు ముల్లును తప్ప మరి దేన్నయినా చూడవచ్చన్నమాట.

ఆ సలహా మంచిదేనని ఒప్పుకోవాలి. ట్యాంకు నిండా పోయించి ట్రిప్ మీటరు సున్నా చేయాలి, మళ్లీ నిండుగా పోయించినప్పుడు తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే బండి గుణం తెలుస్తుంది. అయితే ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు ఇచ్చేదానిలో మూడింట రెండు వంతులే గనుక మైలేజీ కాస్త తగ్గుతుంది, పాత లెక్కలు పనికిరావు. లెక్కలు రానివారు బండిని అటూ ఇటూ ఊపి, ట్యాంకుకు చెవి ఆనించి, చప్పుడును బట్టి లీటర్లు చెబుతారు. ముల్లు కంటే వారి మాటే నాకు నమ్మకం.

పాత బండ్లకు ఈ బాధ లేదు. వాటిలో చాలావాటికి ముల్లే లేదు, కుళాయి ఉండేది. ట్యాంకు లోపల ఆ కుళాయికి ఒక పొడవు గొట్టం, ఒక పొట్టి గొట్టం. పెట్రోలు మట్టం పొడవు గొట్టం కంటే కిందికి పోగానే బండి దగ్గేది. ఎడమ చెయ్యి దానంతట అదే మోకాలి పక్కకు దిగి, చూడకుండానే కుళాయిని రిజర్వు వైపు తిప్పేది. ఇంకో రెండు దగ్గులు, ఒక కుదుపు, మళ్లీ బండి అందుకునేది. వెనక కూర్చున్నవారికి సంగతే తెలిసేది కాదు. రిజర్వు కూడా అయిపోతే బండిని కుళాయి ఉన్న వైపుకు బాగా ఒరగదీస్తే, అవతలి పాయలో దాక్కున్న పెట్రోలు ఫ్రేము గొట్టం వీపు దాటి ఇవతలికి వచ్చేది. దానితో బంకు దాకా పోయినవారు వేలమంది. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగకు కళ్లెం వేసే బీఎస్-6 నిబంధన వచ్చింది, చాలా బండ్లకు పెట్రోలును పంపుతో ఇంజనులోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, పంపు ట్యాంకులోకి చేరింది, కుళాయి పోయింది. ఆ పంపుకు చల్లదనం ఇచ్చేదీ పెట్రోలే కాబట్టి ట్యాంకు ఎండబెట్టవద్దని హితవు చెబుతారు. చెప్పేవారు బాగానే చెబుతారు. ఎండుతోందని చెప్పవలసింది ఎవరు? మన ముల్లుగారు. చావు కబురు చల్లగా చెప్పడంలో ఆయనను మించినవారు లేరు.

ఫలితం ఏ సాయంత్రమైనా హనుమంతవాక దగ్గర నిలబడి చూడవచ్చు. ఆగిపోయిన బండి మీద ఒక పెద్దాయన, వెనక సంచి పట్టుకుని ఆయన భార్య. పక్కన ఇంకో బండి మీద కుర్రవాడు కాలు చాచి, ముందు బండి ఫుట్‌రెస్టుకు ఆనించి తోస్తున్నాడు. “న్యూట్రల్‌లోనే ఉంచండి బాబాయ్, బ్రేకు వేయకండి” అని కుర్రవాడు అరుస్తున్నాడు. పెద్దాయన వెనక్కి తిరగకుండా, “ముల్లు ఇంకా పావు ట్యాంకు చూపిస్తోంది నాయనా” అంటున్నాడు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, సంజాయిషీ ఉంది. “ఆ పావు మీద నమ్మకంతోనే మా అమ్మాయి ఇంటి దగ్గర పోయించుకోలేదు” అని భార్య అందుకుంది. సీసాలో తెచ్చుకుందామంటే చాలా బంకులు పోయవు. బండినే నడిపించుకు రావాలి.

ఇదంతా చమురుకు కరువొచ్చిన ఊళ్లో జరుగుతున్నా సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ 1957 నుంచి రిఫైనరీ ఉంది. అది చాలదన్నట్టు దేశానికి ఆపద వస్తే వాడుకోవడానికి విశాఖలోనే రాతిని తొలిచి, నేల కింద గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే నిల్వ కేంద్రం కట్టారు. 2015 నుంచి అది పనిచేస్తోంది. అంటే దేశమంతటికీ రిజర్వు మా ఊళ్లో ఉంది, మా బండ్లకే లేదు. అందుకు నాకు అసూయ లేదు. ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఆ గుహల్లో ఎంత చమురు ఉందో చూపించే ముల్లును మా బండి తయారుచేసిన కంపెనీ దగ్గర మాత్రం కొనవద్దు. ఒకవేళ ఇప్పటికే కొని ఉంటే, ఎవరో ఒకరు వెళ్లి మూత తీసి చూసి రావడం మంచిది.