కోల్ట్రేన్ ముందే ఎందుకు?

జాజ్ కొత్తగా వినేవాళ్లు శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ 'ఎ లవ్ సుప్రీమ్'తో మొదలుపెట్టాలన్న సలహాతో నేను ఏకీభవించను. గొప్ప ఆల్బమే, కాదనను. కానీ నేనూ అలాగే మొదలుపెట్టి, పది నిమిషాలకే తలనొప్పి తెచ్చుకుని, మళ్లీ రెండేళ్లు జాజ్ జోలికి పోలేదు.

నన్ను మళ్లీ జాజ్ వైపు లాగింది ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో న్యూయార్క్‌లో రెండే రోజుల్లో రికార్డు చేశారు. అందులోనూ కోల్ట్రేన్ ఉన్నాడు, కాకపోతే ఇక్కడ తొందర లేదు. మొదటి పాట 'సో వాట్'లో బేస్ (మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం) ఓ మాట అంటుంది, మిగతా వాద్యాలు రెండు స్వరాల్లో ఊ కొడతాయి. కథ చెబుతుంటే ఊ కొట్టినట్టే! పాట చాలావరకు డోరియన్ అనే ఒకే స్వరవరుసలో సాగుతుంది. అవి మన కర్ణాటక రాగం ఖరహరప్రియ స్వరాలే. గమకాలు (స్వరాన్ని ఊపి పలికే తీరు), రాగభావం వేరు, కాబట్టి రెండూ ఒకటే అనడం లేదు. కానీ ఆ రాగంలోని త్యాగరాజ కీర్తన 'చక్కని రాజ' విన్న చెవికి ఇది మరీ పరాయిగా అనిపించదు.

తర్వాత పియానో కళాకారుడు డేవ్ బ్రూబెక్ ఆల్బమ్ 'టైమ్ అవుట్'. అదీ 1959దే. అందులోని 'టేక్ ఫైవ్'కి తాళం వేసి చూడండి, ఐదు దెబ్బలు. మన ఖండచాపు తాళం రెండు, మూడుగా నడిస్తే ఇది మూడు, రెండుగా నడుస్తుంది. మా అమ్మ వంటింట్లోంచే పట్టేసింది! డ్రమ్స్ సోలోలో కూడా వెనక పియానో ఆ లెక్క వదలదు, అది పట్టుకుంటే తప్పిపోరు.

కోల్ట్రేన్ ఆ తర్వాత. ఇయర్‌ఫోన్స్‌తో, రాత్రిపూట.