బ్రష్షును వేలాడదీయాలా, నిలబెట్టాలా?

గడ్డం గీసుకున్నాక షేవింగ్ బ్రష్షును తలకిందులుగా వేలాడదీయాలా, పిడి మీద నిలబెట్టాలా అన్న విషయంలో తటస్థంగా ఉంటానని చెప్పే మనిషిని నేను నమ్మను. అలాంటివాడు రేపు ఏ విషయంలోనైనా గోడ దూకగలడు.

వేలాడదీసే వర్గం వాదన చాలా గంభీరమైనది. నిలబెడితే నీళ్ళన్నీ కిందికి దిగి, కుచ్చు పిడిలోకి దూరే చోట చేరి, వెంట్రుకలను పట్టి ఉంచిన జిగురును పాడుచేస్తాయట. దీనికి నిలబెట్టే వర్గం ఓ చిరునవ్వు నవ్వి ఏమంటుందంటే, బాగా దులిపాక మిగిలేది కాస్త తడి, అది వెంట్రుకల మధ్య సన్నటి సందుల్ని పట్టుకునే ఉంటుంది, తలకిందులు చేసినంత మాత్రాన జారిపోదు, ఆరడమంటే గాలికి ఆవిరైపోవడమే కదా అని. న్యాయం వీళ్ళవైపే ఉంది. కానీ నిలబెట్టడానికి ఏమీ కొనక్కర్లేదు, వేలాడదీయడానికి స్టాండు కావాలి, కాబట్టి స్టాండ్లు అమ్మేవాళ్ళంతా గురుత్వాకర్షణ పక్షం. న్యూటన్‌కు ఇంత నికార్సయిన అనుచరులు ఇంకెక్కడా దొరకరు. (బ్రష్షును పక్కకు పడుకోబెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ప్రస్తావన రెండు వర్గాలకూ ఇష్టం లేదు.) ఈ గొడవలో పడి, తడి బ్రష్షును డబ్బాలో పెట్టి మూత బిగించి బూజు పెంచేవాణ్ణి ఎవరూ పట్టించుకోవడం లేదు. అసలు ముద్దాయి వాడే.

ఇక కడిగే ఘట్టం. గిన్నె కడగమంటే హఠాత్తుగా వినికిడి తగ్గిపోయే మనిషి, బ్రష్షు దగ్గరికొచ్చేసరికి గోరువెచ్చని నీళ్ళు మణికట్టు మీద పోసుకుని మరీ వేడి చూస్తాడు. కుచ్చు మొదలు దాకా నీళ్ళు వెళ్ళేట్టు వేళ్ళతో వెంట్రుకలు విప్పుతాడు, నురగంతా పోయేదాకా కడుగుతాడు, మెలిపెట్టడు, లాగడు, మెత్తగా నొక్కుతాడు, నాలుగుసార్లు దులిపి పొడి తువ్వాలు మీద అటూ ఇటూ రాస్తాడు. సరైన పద్ధతే, తప్పుపట్టడానికేమీ లేదు, ఒక్క నిమిషం పని. మిగతా ఇరవై నిమిషాలు ఎక్కడ ఖర్చయ్యాయో బాత్రూమ్ బయట నిలబడ్డవాళ్ళకు లెక్క చెప్పాల్సిన అవసరం అతనికి లేదు.

ఇంత చేసినా కొన్నాళ్ళకు కుచ్చు మొదట్లో తెల్లగా ఏదో పేరుకుంటుంది, వెంట్రుకలు బిరుసెక్కుతాయి. బ్రష్షుకు చుండ్రు పట్టిందని బెంగపడేవాళ్ళుంటే వాళ్ళకు నా సానుభూతి. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి నీటిలో కరగని మడ్డిగా మారతాయి. అదే ఇది. దాన్ని వదిలించాలని అవే నీళ్ళతో, అదే సబ్బుతో మళ్ళీ తోమితే ఇంకాస్త మడ్డి తయారవుతుంది, అంటే శుభ్రత మీద పట్టుదల పెరిగేకొద్దీ మురికి పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం వెనిగర్ కలిపి, కుచ్చును కొన్ని నిమిషాలు అందులో ఆడించి, మామూలు నీళ్ళతో బాగా కడిగితే వదిలిపోతుంది. ఎప్పుడో ఓసారి చేస్తే చాలు. భక్తుడు వారం వారం చేస్తాడు, అందుకే దగ్గరికొస్తే అతని చెంపలు పుల్లగా వాసనేస్తుంటాయి.

బ్రష్షును ఏకంగా మరగబెట్టే తీవ్రవాదులు వేరే ఉన్నారు. వీళ్ళ భయానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుర్రపు వెంట్రుకలకు బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల వేషం వేసి బ్రష్షులు చేశారు, సరిగ్గా శుద్ధి చేయని ఆ వెంట్రుకల ద్వారా ఆంత్రాక్స్ సోకి బ్రిటన్, అమెరికా సైనికులు జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. శత్రువు తుపాకీకి దొరకనివాడు తన గడ్డానికే దొరికిపోయాడన్నమాట. కానీ ఆ క్రిమి బీజాలు వేడినీళ్ళలో ముంచి తీస్తే లొంగే రకం కాదు. లొంగేది జిగురు. మన తీవ్రవాది బ్రష్షును కుతకుత ఉడికించి బయటకు తీసేసరికి కుచ్చు ఒకచోట, పిడి ఒకచోట ఉండి, రెండూ క్రిమిరహితంగా ఉంటాయి.

వెంట్రుకల విషయంలో మగవాడి న్యాయం కూడా చూడాల్సిందే. కొత్త బ్రష్షు మొదట్లో నాలుగు వెంట్రుకలు రాల్చడం మామూలే, అయినా సింకులో ఒక్కటి కనబడితే టెన్షన్, దాని పొడుగు కొలుస్తాడు, మొదలు నుంచి ఊడిందా మధ్యలో విరిగిందా అని వెలుతురులో పెట్టి పరీక్షిస్తాడు. అదే సింకులో తన తల వెంట్రుకలు గుప్పెడు ఉన్నా ఏమీ అనుకోడు. పంది వెంట్రుకల బ్రష్షయితే వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడతాయి. ఇంట్లో ఎవరి జుట్టు కొసలు చీలినా సమస్య, బ్రష్షువి చీలితే సంబరం. ఇంత ప్రేమా చూపించి, తీరా నురగ పట్టించేటప్పుడు నేల తోమినట్టు మొహానికి అదిమి తోముతాడు. రోజూ అలా అదిమితే కుచ్చు నడిమధ్య వెంట్రుకలు విరిగి గుంట పడుతుంది. అప్పుడు తయారుచేసినవాణ్ణి తిడతాడు.

ఈ సంస్కృతికి అసలు ముప్పు మాత్రం సింథటిక్ బ్రష్షు. అది నీళ్ళు పీల్చదు, నానబెట్టక్కర్లేదు, చూస్తుండగానే ఆరిపోతుంది. జంతు వెంట్రుకల కొత్త బ్రష్షు తడిస్తే గదంతా జంతువు వాసనేస్తుంది, షాంపూతో మళ్ళీ మళ్ళీ కడగాలి, ఆ బాధలో ఓ గౌరవముంది. దీనికి అదీ లేదు. ఎలా చూసుకుంటున్నావయ్యా అని సింథటిక్ వాడేవాణ్ణి అడిగితే, "కడిగి దులిపేస్తాను" అని, బూట్లు వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోతాడు. ఇలాంటివాళ్ళు పెరిగితే మనం పొద్దున్నే బాత్రూమ్‌లో ఏ కారణం చెప్పి తలుపేసుకోవాలి? తయారీదారులకు నా విన్నపం ఒక్కటే: కనీసం తడిస్తే కాస్త వాసనైనా వచ్చేట్టు చేయండి.