పొద్దుతిరుగుడు మేసిన గేదె పాలు ఎవరు తాగుతారు?

అపార్ట్‌మెంట్ గ్రూప్, బంధువుల గ్రూప్, ఆఖరికి బీచ్ రోడ్ వాకింగ్ గ్రూప్: ఎక్కడ చూసినా అదే మెసేజ్. "విషమెక్కిన విశాఖ మట్టి, ఖర్చు లేకుండా బాగుచేసే ఐదు చిట్కాలు" అట. పంపేది కావలసినవాళ్ళే కదా అని ఊరుకున్నాను. గాజువాకలో మా బావ పెరట్లో మొదలెట్టేశానని ఫోన్ చేశాక ఇక ఊరుకోలేకపోయాను.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖకి కాలుష్య సూచికలో నూటికి 70.82 మార్కులు వేసిందని మొదట్లో ఉంది. నిజమే. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కిందే లెక్క. ఆ ఒక్క నిజం చూసి మిగతాదంతా నమ్మేస్తున్నారు.

మొదటి చిట్కా: బోరు నీళ్ళు మరిగిస్తే సీసం, కాడ్మియం లాంటి విషలోహాలు పోతాయట. మరిగిస్తే చచ్చేవి క్రిములు, సీసం కాదు. రెండు గ్లాసులు ఒక గ్లాసయ్యేదాకా మరిగిస్తే రెండు గ్లాసుల సీసమూ ఆ ఒక్క గ్లాసులోనే ఉంటుంది.

నిమ్మతొక్కలు, బెల్లం ఊరబెట్టిన బయో ఎంజైమ్ గెడ్డలో, పెరట్లో పోయమని రెండోది. బాత్రూం గచ్చు తోముకోండి, బాగుంటుంది. లోహాలున్న మట్టికి మాత్రం అది ఎదురు తిరుగుతుంది. అది పులుపు. మట్టిలో ఆమ్లం పెరిగితే, అప్పటిదాకా మట్టి రేణువులకు అతుక్కుని ఉన్న కాడ్మియం కరిగి వేళ్ళకి అందుతుంది.

పొలం మట్టి పరీక్షించి ప్రభుత్వం ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు బాగుంటే భయం లేదన్నది మూడోది. ఆ కార్డులో చూసేది 12 అంశాలు. వాటిలో సీసమూ లేదు, కాడ్మియమూ లేదు. జింక్ ఉంది, అదీ పోషకంగా! జింక్ స్మెల్టర్ నడిచిన మింది పక్క మట్టి పంపిస్తే "జింక్ సరిపడా ఉంది" అని వస్తుందేమో, ఫ్రేమ్ కట్టించుకోండి.

ఇక అసలుది. చెర్నోబిల్‌లో రేడియేషన్‌నే పీల్చేసిన పొద్దుతిరుగుడు మన మట్టిని రెండు పంటల్లో కడిగేస్తుందట, కోసిన మొక్కలు పశువులకి మేతగా వేయొచ్చట. చెర్నోబిల్ దగ్గర 1990లలో ఆ మొక్కల్ని పెంచింది చెరువు మీద, తెప్పల్లో. వేళ్ళు నీళ్ళలో వేలాడాయి. మట్టి సంగతి వేరు. ఫుకుషిమా ప్రమాదం తర్వాత 2011లో జపాన్‌వాళ్ళు పొలాల్లో వేసి చూశారు. మొక్క లాగింది నామమాత్రం. చివరికి పైమట్టి చెక్కి సంచుల్లోకి ఎత్తారు. సీసమైతే మరీ మొండి, మొక్కలోకి వచ్చిన కాస్తా చాలావరకు వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కాడ్మియం ఆకుల్లోకి ఎక్కుతుంది.

ఎక్కిందే అనుకుందాం. అప్పుడు ఆ మొక్క ఏమిటి? నేలలో ఉన్న విషం ఇప్పుడు కాడలో, ఆకులో ఉంది. దాన్ని గేదెకి వేయమంటున్నారు! కాడ్మియం గేదె కాలేయంలో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. సీసం కొంత పాలలోకీ దిగుతుంది. ఏళ్ళ తరబడి మట్టిలో పడి ఉన్నదాన్ని తెల్లారేసరికి మన పిల్లల గ్లాసులోకి తేవడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తోచడం లేదు. తగలబెడదామంటే కొంత పొగలోకి, మిగతాది బూడిదలోకి. పద్ధతిగా చేయాలంటే ఆ మొక్కల్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి, పరవాడలో అందుకోసమే ఉన్న ల్యాండ్‌ఫిల్‌కి పంపాలి. అడుగున విషం నేలలోకి ఇంకనివ్వని లైనరు, ఊటనీరు పట్టే గొట్టాలు ఉండే చోటు అది. "ఖర్చు లేకుండా" అన్న పెద్దమనిషి లారీ కిరాయి ఇస్తాడా?

ఐదోది చదివి మాత్రం ఆగిపోయాను. మట్టిలో సున్నం, బాగా చివికిన పశువుల ఎరువు కలపమంటోంది. ఇది సరైన మాటే. సున్నం ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఎరువు లోహాన్ని పట్టి ఉంచుతుంది, మొక్కకి అందేది తగ్గుతుంది. లోహం ఎక్కడికీ పోదు, అక్కడే కట్టుబడి ఉంటుంది. అందుకే కొన్నాళ్ళకోసారి ఆమ్లత్వం చూపించుకోవాలి. సున్నం వేశాక కూడా తోటకూర, పాలకూర వేరే చోటి నుంచి తెచ్చిన మంచి మట్టితో కుండీల్లోనే వేసుకోండి. ఆకుకూరలతో పోలిస్తే ఆనప, బీర కాయల్లోకి లోహం తక్కువ చేరుతుంది.

రెండో చిట్కా ముందే పాటించేసినవాళ్ళు సున్నం ఇంకాస్త ఎక్కువ కొనుక్కోండి.